చివరి సందు దాకా గంట

"ఇవాళ ప్రార్థన ఎవరింట్లో?"

"పొద్దున చెప్పావు కదమ్మా."

"నేను చెప్పింది నాకు గుర్తుంది. నీకు గుర్తుందా అని అడుగుతున్నా."

"అన్నమ్మ మామ్మ ఇంట్లో," అంటూనే మనీషా చెప్పులేసుకుని గడప దాటబోయింది. వాళ్లమ్మ ప్రమీలారాణి జడ పట్టుకుని ఆపింది. లాగలేదు, పట్టుకుందంతే.

ఒంటిపూట బడి అయిపోయి, అన్నాలు తిని, రేపల్లె అంతా ఎండకు తలుపులు మూసుకున్న వేళ అది. ప్రమీలారాణి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. లైనింగు గుడ్డా జిప్పులూ అయిపోయాయని తెనాలి బయల్దేరింది. ఒకపక్క రైలుకు టైమవుతోంది. అయినా వెళ్లేముందు ఈ పిల్ల చెవిలో నాలుగు మాటలు వెయ్యకపోతే ఆమె ప్రాణం ఊరుకోదు.

"మళ్లీ చెప్తున్నా, విను. ఆదివారం చర్చిలో ఏం చెప్పారు? ఇవాళ ప్రార్థన జ్యోత్స్న ఆంటీ వాళ్లింట్లో అని. వాళ్ల అత్తగారికి ఒంట్లో బాగాలేక నిన్న ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇంటికి తాళం. అందుకని పాస్టరు అయ్యగారు అన్నమ్మ మామ్మ ఇంటికి మార్చారు. ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకూ, నాకూ, అయ్యగారికీ, ఆ మామ్మకీ. ఇంకెవరికీ తెలీదు. నువ్వు గంట కొట్టి చెప్తేనే తెలుస్తుంది. అయిదింటికల్లా బయల్దేరాలి. చివరి సందు దాకా వెళ్లాలి. ఏంటి?"

"చివరి సందు దాకా," అని మనీషా ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

ప్రమీలారాణి జడ వదిలేసింది. వదిలిందే కానీ నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆమెకు కారణాలు బోలెడున్నాయి.

మనీషా చెడ్డపిల్ల కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను ఏమన్నా మీరు తప్పుగా అనుకోకూడదని. ఏ పనైనా మొదలుపెట్టడంలో ఆ పిల్లకు సాటి లేరు. ముగించడం మాత్రం ఎవరూ చూడలేదు. వాళ్లింట్లో ఒంటిచేతి స్వెట్టరు ఒకటుంది. రెండో చెయ్యి అల్లేలోపు ఆ పిల్లకు విసుగొచ్చింది. అసలు రేపల్లెలో స్వెట్టరు ఎవరికి కావాలో నాకింతవరకూ అర్థం కాలేదు. కీబోర్డు నేర్చుకుంటానని ఏడ్చి మరీ చేరింది, నవ్వుకుంటూ మానేసింది. ప్రతి జనవరి ఒకటో తారీఖునా బైబిలు మొత్తం చదివేస్తానని ఆదికాండం మొదలుపెడుతుంది. నిర్గమకాండంలో జనాన్నంతా ఎర్రసముద్రం దాటిస్తుంది. లేవీయకాండం రాగానే పుస్తకం మూసేస్తుంది. పాపం ఆ జనం ఏటేటా ఎడారిలోనే ఉండిపోతున్నారు.

ఆరంభశూరత్వం అంటారే, అదిగో అది.

గంట సంగతీ అలాగే మొదలయింది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో ఆ పేటలో రోజుకొక ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. సాయంత్రం ఒకరు చేతిగంట కొట్టుకుంటూ ఇంటింటికీ వెళ్లి, ఆ రోజు ఎవరింట్లోనో చెప్పాలి. చాలా ఏళ్లుగా ఆ పని పౌలు తాతయ్య చేశాడు. ఇప్పుడు ఆయన మోకాళ్లు సహకరించడం లేదు. సంఘానికి వాట్సాప్ గ్రూపు లేకపోలేదు. పొద్దున లేస్తే అందులో గులాబీ పూలు, సూర్యోదయాలు, వాటి మీద వాక్యాలు వచ్చి పడుతుంటాయి. వాటి కింద ఏ కబురు పెట్టినా నూతిలో వేసినట్టే. అందుకని గంట తప్పదు.

శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు పాస్టరు అయ్యగారు గంట పైకెత్తి చూపించి, "ఇది ఎవరు తీసుకుంటారు?" అని అడిగారు. ఆయన మాట పూర్తి కాకముందే మనీషా చెయ్యి లేచింది. ప్రమీలారాణి ఆ చేతిని కిందికి దించాలని చూసింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

మొదటి వారం మనీషా గంట కొడితే కుక్కలు పరిగెత్తాయి, పసిపిల్లలు నిద్ర లేచారు. "అబ్బ, ఎంత శ్రద్ధో" అని అందరూ మెచ్చుకున్నారు. రెండో వారం మెచ్చుకునేవాళ్లు తగ్గారు, శ్రద్ధ కూడా తగ్గింది. మూడో వారం వచ్చేసరికి వీధి కుళాయి దగ్గర నిలబడి నాలుగుసార్లు ఊపేసి, వినపడినవాళ్లకు వినపడింది అనుకుని ఇంటికొచ్చేసేది. పోనీ ఇల్లు ఆదివారమే చెప్పి ఉంటారు కాబట్టి ఏ నష్టమూ జరగలేదు.

ఆ రోజు మాత్రం అలా కాదు. ఆ సంగతి వాళ్లమ్మ చెప్పింది కూడా. చెప్పి, రైలెక్కింది.

మనీషా వాళ్ల ఇంటికి రెండిళ్ల అవతల రుక్సానా ఉంటుంది. ఇద్దరూ ఒకే క్లాసు. ఈ ఏడు రంజాన్ నెలా శ్రమదినాలూ కలిసి వచ్చాయి. రుక్సానా సెలవు రోజుల్లో రోజా, అంటే పగలంతా ఉపవాసం, ఉంటానని మొదలుపెట్టి, ఒంటిపూట బడి వచ్చాక రోజూ ఉంటోంది. మనీషాకు కొత్తగా మెహందీ పిచ్చి పట్టుకుంది. పండగ నాటికి డిజైన్లన్నీ నేర్చేసుకుని, వీధి చివర బల్ల వేసుకుని అందరికీ పెట్టాలని ఆలోచన.

"ముందు నాకు పెట్టి చూపించు," అంది మనీషా, ఆ మధ్యాహ్నం రుక్సానా వాళ్ల డాబా మెట్ల మీద కూర్చుని.

రుక్సానా ఒక చేతికి పెట్టింది. అందులో నెమలి వచ్చింది. మనీషాకు రెండో చేతికి కూడా నెమలి కావాల్సి వచ్చింది. రెండు నెమళ్లూ పూర్తయ్యేసరికి అయిదు దాటింది.

"నీ గంటో?" అంది రుక్సానా.

"చేతులు చూడు. ఎలా పట్టుకోను? ఆరనీ."

"ఆరేదాకా ఆగితే లేటయిపోదూ?"

"ఏం కాదులే. ఒకళ్లకి తెలిస్తే ఒకళ్లు చెప్పుకుంటారు."

"ఒకళ్లకి ఎవరు చెప్తారు?"

మనీషా చేతుల మీద ఊదుకుంటూ కూర్చుంది.

"మా దాదాకి మొన్న జొరం," అంది రుక్సానా. దాదా అంటే వాళ్ల తాతయ్య జాన్ సైదా. తెల్లవారుజామున డప్పు కొట్టుకుంటూ వెళ్లి, ఉపవాసం ఉండేవాళ్లను భోజనానికి లేపుతాడు. "అయినా వెళ్లారు. అమ్మ వద్దంటే, నేను పడుకుంటే వీధంతా పడుకుంటుంది అన్నారు."

"ఆయనకేం, పెద్దాయన. వేరే పనేముంటుంది?"

రుక్సానా మెహందీ కోనుకు మూత పెట్టేసింది. పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టని పిల్లకు వాదించే ఓపిక ఎక్కడిది?

చేతులు ఆరాయి. ఆరాక కడుక్కుంటే రంగు రాదని ఇంకాసేపు కూర్చుంది. ఇంతలో మసీదు నుంచి అజాన్ వినపడింది, వాళ్లింట్లో ఉపవాసం విడిచే ఇఫ్తారుకు నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. రోజా ఉండని మనీషా ఇఫ్తారు మాత్రం మానలేదు. ఒక ఖర్జూరం, రెండు సమోసాలు తిని, చేతులు కడుక్కుని చూసుకుంటే నెమళ్లు ఎర్రగా పండాయి. అప్పుడు గుర్తొచ్చింది ప్రార్థన.

ఇప్పుడు గంట కొట్టుకుంటూ వెళ్తే అయ్యగారి కంట పడొచ్చు. అంతకన్నా తిన్నగా అన్నమ్మ మామ్మ ఇంటికే వెళ్లిపోతే నయం అనుకుంది. జనం వచ్చే ఉంటారు, వాళ్ల మధ్యలో దూరి కూర్చుంటే సరిపోతుంది. గంట ఇంట్లో మేకుకే ఉండిపోయింది.

అన్నమ్మ మామ్మది చివరి సందులో ఆఖరి ఇల్లు. అటు పక్క మురుగు కాలవ. నిరుటిదాకా ఆమెది తాటాకు పాక. అయ్యగారు, ఆమె కూర్చుంటే మూడో మనిషికి చోటుండేది కాదు. అందుకని ఎన్ని శ్రమదినాలు వచ్చి వెళ్లినా ఆమె ఇంట్లో ఒక్క ప్రార్థనా జరగలేదు. ఊళ్లో అందరిళ్లకూ వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేది. ఈ ఏడు ఒక గది, సిమెంటు నేల, పైన రేకులు వేసుకుంది. వేసుకున్న మర్నాడే వెళ్లి, "ఈసారి మా ఇంట్లో కూడా పెట్టండయ్యగారూ" అని అడిగింది.

మనీషా గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. గోడలకు నీలం రంగు ఇంకా వాసన వేస్తోంది. ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చిన చాపలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, వసారాలో కూడా పరిచి ఉన్నాయి. ఒక మూల పెద్ద బేసిన్ నిండా గారెలు, పైన పళ్లెం బోర్లించి ఉంది. అయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. అన్నమ్మ మామ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని నిలబడి ఉంది.

చాపల మీద ఒక్కరూ లేరు.

"రామ్మా, రా," అంది మామ్మ. "సాయంత్రం నుంచీ నీ గంట కోసమే చూస్తున్నా. మా ఇంటి పేరు చెప్పి ఎలా కొడతావో విందామని. వినపళ్లేదు. నూనె చప్పుడులో వినపడలేదేమో. చెవులు కూడా మందగించాయిలే."

మనీషా గోడకేసి చూసింది.

అయ్యగారు వాచీ చూసుకున్నారు. "ఏమ్మా, అందరికీ చెప్పావా?"

చెప్పలేదండి అని ఒక్క మాట. అంతకన్నా చిన్న మాట తెలుగులో దొరకదు. ఆ మాట ఎందుకు నోట్లోంచి రాదో, వేరే మాట ఎందుకంత చురుగ్గా వచ్చేస్తుందో ఆ పిల్లనే అడగాలి.

"చెప్పానండి," అంది.

"ఇల్లు మారిందని చెప్పావా?"

"చెప్పానండి."

అన్నమ్మ మామ్మ ఖాళీ చాపల వైపు చూసింది.

"అయితే విన్నారన్నమాట," అంది. "విని, రాలేదన్నమాట."

ఆమె వంగి వసారాలో చాప ఒకటి చుట్టింది. "దూరం కదండీ అయ్యగారూ. పక్కనే కాలవ. దోమలు కూడానూ. గది చూస్తే ఇంతే ఉందాయె. వాళ్లననడానికేం లేదు." ఇంకో చాప చుట్టింది. "నేనే మరీ ఆశపడ్డా."

 మనీషా అబద్ధం తనను కాపాడుకోవడానికి ఆడింది. అది వెళ్లి మామ్మకు తగులుతుందని ఆమెకు తట్టలేదు.

"మనం ముగ్గురం ఉన్నాం కదమ్మా, మొదలుపెడదాం," అని అయ్యగారు పాట ఎత్తుకున్నారు. మామ్మ గొంతు కలిపింది. ముప్ఫై మంది పాడాల్సిన పాటను ఇద్దరు పాడుతుంటే ఆ గది ఎంత పెద్దదిగా ఉందో చెప్పలేను. మనీషా నోరు తెరిచింది కానీ పాట రాలేదు.

పాట అయ్యాక మామ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అయ్యగారూ, వచ్చే ఏడు నా పేరు వెయ్యొద్దండి. నేనే ఎవరో ఒకరింటికి వస్తాలెండి, ఎప్పట్లాగే. వాళ్లని ఇబ్బంది పెట్టడం దేనికి?"

"వాళ్లు వినలేదు మామ్మా," అంది మనీషా.

ఇద్దరూ ఇటు తిరిగారు.

"నేను చెప్పలేదు. గంట కొట్టలేదు. రుక్సానా వాళ్లింట్లో మెహందీ పెట్టించుకున్నా. ఎవరికీ చెప్పలేదు. ఒక్కళ్లకి కూడా."

అయ్యగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు. ఆయనకు కోపం వస్తే చేసే పని అదొక్కటే. అన్నమ్మ మామ్మ మాత్రం మనీషా దగ్గరికి వచ్చి ఆమె మొహంలోకి చూసింది.

"ఒక్కళ్లకి కూడా చెప్పలేదా?"

"లేదు మామ్మా."

"పౌలు బావకి కూడా తెలీదా? మీ టీచరమ్మకి?"

"ఎవరికీ తెలీదు."

"అమ్మయ్య," అంది మామ్మ. గట్టిగా ఊపిరి వదిలి, చుట్టిన చాప మళ్లీ పరవడం మొదలుపెట్టింది. "తెలీక రాలేదన్నమాట. అయితే ఇంకేం, వెళ్లి చెప్పిరా. నేను గారెలు వేడిచేస్తా."

మనీషా ఎన్ని తిట్లయినా తినడానికి సిద్ధపడి నిలబడింది. ఈ మాటకు మాత్రం ఆమె సిద్ధంగా లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

"నిన్నేమనాలో నాకు తెలీడం లేదు," అన్నారు అయ్యగారు. "ఆలోచించి రేపు అంటాను. ఇప్పుడు టైము లేదు. పద, నేనూ వస్తా."

"మీరుండండి అయ్యగారూ," అంది మామ్మ. "గంట దానికిచ్చారు కదా. దాన్నే వెళ్లనివ్వండి."

మనీషా ఇంటికి పరిగెత్తి, మేకు మీది గంట తీసుకుని, మొదటి వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది.

పౌలు తాతయ్య వసారాలో మంచం మీద మోకాళ్లకు తైలం రాసుకుంటున్నాడు. గంట విని తల ఎత్తాడు. "ఎవరే, ఈ వేళప్పుడు?"

"నేనే తాతయ్యా. ఇవాళ ప్రార్థన అన్నమ్మ మామ్మ ఇంట్లో. నేను సాయంత్రం చెప్పలేదు. తప్పు నాదే. మామ్మ ఎదురుచూస్తోంది."

"జ్యోత్స్న వాళ్లింటి దాకా కర్ర పట్టుకుని వెళ్లా. తాళం చూసి కర్ర పట్టుకుని వెనక్కొచ్చా. నా మోకాళ్లేమన్నా ఇనప మోకాళ్లనుకున్నావా?"

"తప్పయిపోయింది తాతయ్యా."

"నీకు గంట ఇచ్చిననాడే అనుకున్నా." ఆయన ఇంకాసేపు గొణిగి, ఆగాడు. "అన్నమ్మ గారెలు వేసిందా?"

"వేసింది."

"ఆ కొక్కేనికి ఉన్న చొక్కా అందుకో."

మనీషా వాళ్ల క్లాసు టీచరు క్రిస్టినా గారు భోజనం ముగించి పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. సంగతి విని ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టారు. "తాళం చూసి, ఇవాళ ప్రార్థన లేదని ఎదురు వరసలో అందరికీ నేనే చెప్పేశాను. నీవల్ల నేను అబద్ధాలకోరునయ్యాను, తెలుసా? నడు. ఇప్పుడు ప్రతి గుమ్మంలోనూ నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను."

నిలబడ్డారు కూడా. టీచరుగారు పక్కన ఉండగా తప్పు ఒప్పుకోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకరింట్లో కంచాల ముందు కూర్చున్నారు. ఒకరింట్లో సీరియల్ మంచి పట్టులో ఉంది. అజయ్ బాబు ఫోనులో క్రికెట్టు చూస్తూ తలెత్తకుండానే, "ఇప్పుడా?" అన్నాడు. ఒకావిడ, "నీలాంటి దాని చేతికి గంట ఇచ్చినవాళ్లననాలి" అంది. మొదటి గుమ్మాల్లో మనీషాకు ఏడుపు ఆగలేదు. తర్వాత ఏడుపు ఆగింది కానీ సిగ్గు ఆగలేదు. అయినా ప్రతిచోటా అదే మాట చెప్పింది. నేను చెప్పలేదు. తప్పు నాదే. మామ్మ ఎదురుచూస్తోంది.

ఆ వీధి అయ్యాక టీచరుగారు చీర మార్చుకోవడానికి ఇంటికెళ్లారు. కుళాయి దగ్గర రెండు చేతుల్లో రెండు సంచులతో ప్రమీలారాణి ఎదురొచ్చింది, తెనాలి రైలు దిగి. చీకట్లో గంట కొడుతున్న కూతుర్ని చూసింది. ఎర్రటి అరచేతులు చూసింది. ఉబ్బిన కళ్లు చూసింది. అడగాల్సిన పని లేకపోయింది.

"ఎంతవరకూ అయింది?"

"చివరి సందు ఒకటి ఉందమ్మా."

ప్రమీలారాణికి చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. స్వెట్టరుతో మొదలుపెట్టి అన్నీ ఉన్నాయి వాటిలో. పళ్లు బిగబట్టి మింగేసింది. "నడు మరి," అంది.

చివరి సందులో సుధీర్ మావయ్య ఇల్లుంది. ఆయన రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు. ఎప్పుడో ఎవరితోనో మాట పట్టింపు వచ్చి, ప్రార్థనలకు రావడం మానేశాడు. ఎటూ రాడు కదా అని మనీషా ఆ ఇంటి ముందు గంట ఆపేసి దాటిపోవడం అలవాటు. ఇప్పుడూ దాటిపోబోయింది.

"ఆ తలుపో?" అంది ప్రమీలారాణి.

"ఆయన రాడమ్మా."

"వస్తాడా రాడా అని నిన్నడిగానా?"

మనీషా గంట కొట్టి చెప్పింది. తలుపు తెరుచుకోలేదు. లోపల్నుంచి, "ఆఁ, విన్నాలే" అని మాత్రం వచ్చింది.

అందరూ రాలేదు. నిద్రపోయినవాళ్లు నిద్రపోయారు, కోపం వచ్చినవాళ్లు కోపంతో ఉండిపోయారు. కానీ వచ్చినవాళ్లకే చాపలు చాల్లేదు. వసారా నిండి, కాలవ గట్టు మీద కూడా జనం నిలబడ్డారు. పౌలు తాతయ్యకు ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చేసి అయ్యగారు నిలబడే వాక్యం చెప్పారు. ఇందాకటి పాటనే మళ్లీ పాడితే రేకులు మోగాయి. అన్నమ్మ మామ్మ పాడటం మానేసి, గోడకానుకుని గదిని చూస్తూ నిలబడింది.

గారెలు రెండోసారి కాగి గట్టిపడ్డాయి. ఎవరూ ఆ మాట అనలేదు. పౌలు తాతయ్య మాత్రం అన్నాడు, అని ఇంకో రెండు తీసుకున్నాడు. మామ్మ ఆఖర్న మనీషా దగ్గరికి వచ్చి, "చేతులు బాగా పండాయే," అంటూ ఆ నెమలి మీదే గారె పెట్టింది.

"నాకొద్దు మామ్మా."

"తిను. రేపు మళ్లీ తిరగాలి కదా."

మనీషా గారె తినలేదు. గంట తీసుకుని అయ్యగారి దగ్గరికి వెళ్లి రెండు చేతులతో ఇచ్చింది. "ఇది ఇంకెవరికైనా ఇచ్చెయ్యండయ్యగారూ. నేను సరిగ్గా చెయ్యలేదు. నాకొద్దండి."

తప్పు చేశాను కాబట్టి మానేస్తున్నానని చెప్పడం చాలా గొప్ప పని అని ఆమె అనుకుంది. 

అయ్యగారు కళ్లజోడు తీశారు.

"ఇది కూడా సగంలోనేనా?" అన్నారు.

మనీషా వాళ్లమ్మ వైపు చూసింది. ప్రమీలారాణి రేకుల వైపు చూసింది. అన్నమ్మ మామ్మ బేసిన్ తోముకుంటోంది. ఎవరూ సాయం రాలేదు. అయ్యగారు గంట అందుకోలేదు. చాచిన చేతుల్లో అది బరువెక్కింది. కాసేపటికి మనీషా చేతులు వెనక్కి తీసుకుంది, గంటతో సహా.

మర్నాడు ఎండ ఇంకా ఎక్కువగా ఉంది. మెచ్చుకునేవాళ్లు లేరు. "ఇవాళైనా చెప్పావు, సంతోషం" అని ఎత్తిపొడిచేవాళ్లు మాత్రం గుమ్మానికొకరు ఉన్నారు. మనీషా చివరి సందు దాకా వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. ఆ తర్వాత ఎత్తిపొడుపులు కూడా ఆగిపోయాయి, ఎవరూ ఏమీ అనలేదు. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఒకరోజు కుళాయి దగ్గరే ఆగి నాలుగుసార్లు ఊపేద్దామా అనిపించింది. ఆగింది కూడా. కాసిని నీళ్లు తాగి, మళ్లీ నడిచింది.

రంజాన్ పండగ వెళ్లిపోయింది. మెహందీ బల్ల వెయ్యనే లేదు. అరచేతుల్లో నెమళ్లు ముందు నారింజ రంగుకు దిగి, తర్వాత కనపడకుండా పోయాయి. లేవీయకాండం సంగతి మాత్రం అడక్కండి.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గర పడింది. ఒక సాయంత్రం ప్రమీలారాణి మిషను తొక్కుతూ గోడకేసి చూసింది. మేకు ఖాళీగా ఉంది. ఆ వేళకు గంట చప్పుడు ఎక్కడో దూరంగా, కాలవ వైపు వినపడుతోంది. ఆమె మళ్లీ గుడ్డ సర్దుకుంది.

కాలవ వైపు మనీషా ఒక మూసిన తలుపు ముందు నిలబడి ఉంది.

"సుధీర్ మావయ్యా, ఇవాళ ప్రార్థన పౌలు తాతయ్య వాళ్లింట్లోనండి. ఆరున్నరకి."

"విన్నాలేవే," అని లోపల్నుంచి విసుగ్గా వచ్చింది. "నేను రానని తెలుసుగా. రోజూ చెప్పక్కర్లేదు."

మనీషా గంట రెండో చేతిలోకి మార్చుకుంది.

"రేపు క్రిస్టినా టీచర్ గారింట్లోనండి," అంది. "రేపొచ్చి చెప్తాను."